తిరిగొచ్చిన మెయిలు వెనుక యాభై ఏళ్లు

550 5.7.1. మెయిల్ సర్వర్ చూసుకునేవాళ్లకి ఈ అంకెలు కనబడితే ఆ పూట ముద్ద దిగదు. మనం పంపిన ఉత్తరాన్ని అవతలి సర్వర్ గుమ్మం దగ్గరే ఆపేసింది, ఇంకోసారి పంపినా తీసుకోదు అని వాటికి అర్థం. పక్కనే ఇంగ్లిష్‌లో చిన్న వాక్యం ఒకటి ఉంటుంది. నీ ఐపీ అడ్రసు ఫలానా జాబితాలో ఉందనో, ఆ అడ్రసుకి పేరు లేదనో, నీ డొమైన్ సంతకం కలవలేదనో. హైదరాబాద్‌లో కూర్చుని గుంటూరు మిర్చి ఎగుమతిదారులకీ, జీడిమెట్ల మందుల కంపెనీలకీ, ఒకటి రెండు ఆస్పత్రులకీ మెయిల్ సర్వర్లు నడపడం పాతికేళ్లుగా నా వృత్తి. ఆ వాక్యాన్ని చదివి కారణం పట్టుకోవడం అందులో సగం పని.

"నిన్నటిదాకా వెళ్లాయి కదమ్మాయ్, ఇవాళ మనమేం పాపం చేశాం?" అని గుంటూరు పెద్దాయన ఒకాయన ఫోన్ చేసి అడిగేవారు. సరుకు చెన్నై రేవులో ఉంటుంది. కాగితాలు కొలంబోలో కొనేవాళ్లకి మెయిల్లో వెళ్లాలి. వెళ్లవు. ఆయన ప్రశ్నకి సాంకేతికమైన జవాబు పావుగంటలో చెప్పొచ్చు. అసలు జవాబు చెప్పాలంటే 1975 దాకా వెళ్లాలి. మెయిల్‌ని ఆపే ప్రతి పరీక్షకీ ఒక పుట్టిన తేదీ ఉంది. ఎక్కడో ఎవరో ఒక నమ్మకాన్ని దుర్వినియోగం చేశారు, ఆ సందు పూడ్చడానికి ఒక పరీక్ష వచ్చింది. ఆ పరీక్షల బరువు ఎప్పుడూ పంపేవాళ్ల మీదే, అందులోనూ చిన్న సర్వర్ల మీదే పడుతూ వచ్చింది.

1975 నవంబరులో జాన్ పోస్టెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక చిన్న పత్రం రాశారు. నెట్‌వర్కు నియమాలూ ఆలోచనలూ రాసుకునే పత్రాల వరసలో దాని నంబరు ఆర్‌ఎఫ్‌సీ 706, విషయం అక్కర్లేని మెయిల్. ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్‌లో అప్పట్లో విశ్వవిద్యాలయాలు, సైనిక పరిశోధన సంస్థలే ఎక్కువ. అక్కడ ఏదో ఒక యంత్రం చెడిపోయో, కావాలనో అదే పనిగా సందేశాలు పంపుతూ ఉంటే, అందుకునే యంత్రానికి "వాళ్ల దగ్గర్నుంచి నాకొద్దు" అని చెప్పే దారి లేదు, ఉండాలి అన్నది ఆ పత్రం సారం. ఇవాళ్టి బ్లాక్‌లిస్ట్ ఆలోచన మొత్తం అందులో ఉంది. ఏడేళ్ల తర్వాత, 1982 ఆగస్టులో, మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఎలా నడవాలో నిర్ణయించిన ఆర్‌ఎఫ్‌సీ 821 రాసిందీ ఆయనే. మనం ఎస్‌ఎంటీపీ అనేది దాన్నే. ముందే ప్రమాదం చూసిన మనిషి రాసిన ఆ నియమావళిలో పంపినవాళ్లెవరో తేల్చుకునే ఏర్పాటు లేదు. ఆయన్ని తప్పు పట్టలేను. ఎలాంటి యంత్రం నుంచైనా ఎలాంటి యంత్రానికైనా ఉత్తరం చేరడమే అప్పటికి పెద్ద సమస్య.

ఆ నియమావళి ఎంత సరళమో నాకు 1999లో అమీర్‌పేటలో తెలిసింది. మాకు పాఠం చెప్పిన సారు టెల్‌నెట్‌తో 25వ పోర్టు తెరిచి, మెయిల్‌ని చేత్తో టైపు చేయించారు. ముందు "హెలో" అని మన సర్వర్ పేరు చెప్పాలి. తర్వాత "మెయిల్ ఫ్రమ్", అక్కడ పంపేవాళ్ల అడ్రసు. "ఆర్‌సీపీటీ టూ", అక్కడ చేరాల్సిన అడ్రసు. ఆపైన "డేటా" అని ఉత్తరం మొత్తం రాసి, చివరి లైన్లో ఒక్క చుక్క పెడితే 250 అని జవాబొస్తుంది. మెయిల్ తీసుకున్నట్టే. ఇందులో ఎక్కడా "నువ్వు చెప్పిన పేరు నిజమేనా?" అన్న ప్రశ్న రాదు. పెళ్లి శుభలేఖ కవరు మీద ఒకరి పేరు, లోపల కార్డు మీద ఇంకొకరి పేరు అచ్చువేసి పంపినా తపాలా శాఖ పట్టించుకోనట్టే, "మెయిల్ ఫ్రమ్"లో చెప్పిన అడ్రసూ, చదివేవాళ్లకి కనబడే అడ్రసూ వేర్వేరుగా ఉండొచ్చు. ఈ ఒక్క సంగతి చుట్టూ తర్వాత ముప్పై ఏళ్ల యుద్ధం జరిగింది.

నియమావళి రాకముందే దాన్ని దుర్వినియోగం చేసే పద్ధతి వచ్చేసింది. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థుర్క్ తమ కొత్త డెక్‌సిస్టమ్-20 కంప్యూటర్ల ప్రదర్శనకి రమ్మని అమెరికా పడమటి తీరంలోని దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ పంపించాడు. అడ్రసులు ఆర్పానెట్ డైరెక్టరీ పుస్తకంలోంచి తీసుకుని టైపు చేయించినవి. అవి ఎంత ఎక్కువయ్యాయంటే అడ్రసుల కోసం ఉన్న చోటు చాలక ఉత్తరంలోకి పొంగాయి. ఆర్పానెట్‌ని నడిపే అమెరికా రక్షణ శాఖ మందలించింది, అక్కడితో ఆగింది. అందరూ ఒకరికొకరు తెలిసిన చోట మందలింపు చాలు. ఎవరికి ఎవరూ తెలియని చోట అది పనిచేయదని 1994లో తేలింది. ఆ ఏప్రిల్‌లో ఆరిజోనాకి చెందిన క్యాంటర్, సీగెల్ అనే లాయర్ దంపతులు గ్రీన్‌కార్డు లాటరీకి దరఖాస్తులు పెట్టిస్తామంటూ యూజ్‌నెట్‌లోని వేల చర్చా గుంపుల్లో ఒకే ప్రకటన గుప్పించారు. అమెరికాలోని తెలుగువాళ్లు కలుసుకుని రాసుకునే సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు కూడా ఆ యూజ్‌నెట్ లోకంలోదే. ఆ దంపతులు క్షమాపణ చెప్పలేదు సరికదా, అలా ప్రకటనలు చేయడం ఎలాగో పుస్తకం రాశారు.

మెయిల్లో ఆ పని చేసేవాళ్లకి కలిసొచ్చింది రిలే. బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన సెండ్‌మెయిల్ అప్పట్లో చాలా సర్వర్ల మీద నడిచేది. ఎవరిదో ఉత్తరం, ఇంకెవరికో వెళ్లాల్సింది మన సర్వర్‌కి వస్తే, తీసుకుని ముందుకి పంపడం దాని స్వభావం. లైన్లు గంటలకొద్దీ తెగిపోయే కాలంలో అది సాటి సర్వర్‌కి చేసే సాయం. ఈ మర్యాద ఉందని తెలిసిన స్పామర్, అంటే అక్కర్లేని ప్రకటనలు గుప్పించేవాడు, ఏం చేసేవాడంటే, డయలప్ లైన్ మీద ఒక్క ఉత్తరం, దాని కింద యాభయ్యో వందో అడ్రసులు పెట్టి మన సర్వర్‌కి ఇచ్చేసేవాడు. వాడికి ఖర్చు ఒక్క ఉత్తరానికే. దాన్ని వంద చోట్లకి మోసే ఖర్చు మన 64 కేబీపీఎస్ లీజు లైన్‌ది. పొద్దున వచ్చేసరికి క్యూ నిండిపోయి ఉండేది, మన సొంత ఉత్తరాలు దాని వెనక ఇరుక్కునేవి.

మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకి ఆ వ్యాపారం తెరిచారు. అదే నెలలో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఊళ్లో కంపెనీలు సొంత మెయిల్ సర్వర్ పెట్టుకోవాలని ఉత్సాహపడుతున్న రోజులు. కంప్యూటర్ పత్రికల వెంట వచ్చిన సీడీలతో లినక్స్ వేసుకుని, సెండ్‌మెయిల్ ఆన్ చేసి, మెయిల్ వెళ్లింది చూసి సంబరపడి వదిలేసేవారు. 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 నుంచే రిలే మామూలుగా మూసి ఉండే ఏర్పాటు వచ్చింది. అంతకుముందు వెర్షన్ ఉన్న ప్రతి ఆఫీసూ తనకి తెలియకుండానే తలుపు తెరిచిపెట్టుకుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మొదట అప్పజెప్పిన పని ఇలాంటి తలుపులు మూయడమే. రిలే మూసినంత మాత్రాన మెయిళ్లు వెళ్లేవి కావు. ఎందుకంటే అప్పటికే ఆ ఐపీ ఎక్కడో ఒక జాబితాకి ఎక్కి ఉండేది.

ఆ జాబితాల కథ 1997లో కాలిఫోర్నియాలో మొదలైంది. పేరు అడిగితే ఐపీ అడ్రసు చెప్పే డీఎన్‌ఎస్‌ని నడిపే బైండ్ సాఫ్ట్‌వేర్‌ని పెంచి పోషించిన పాల్ విక్సీ, డేవ్ రాండ్‌తో కలిసి మ్యాప్స్ అనే సంస్థ కింద రియల్‌టైమ్ బ్లాక్‌హోల్ లిస్ట్ పెట్టారు. స్పామ్ పంపే అడ్రసులు, వాటిని ఆపమన్నా ఆపని నెట్‌వర్కులు అందులోకి ఎక్కేవి. మొదట్లో ఆ జాబితాని రౌటర్లకే ఇచ్చేవారు, ఆ అడ్రసులతో మొత్తం రాకపోకలే తెగిపోయేవి. తర్వాత దాన్ని డీఎన్‌ఎస్‌లో పెట్టారు.

ఈ డీఎన్‌ఎస్ ఉపాయం అద్భుతమైనది, నేను ఎప్పుడు చూసినా మెచ్చుకుంటాను. 203.0.113.25 అనే అడ్రసు నుంచి మెయిల్ వచ్చిందనుకోండి. అందుకునే సర్వర్ ఆ అంకెల్ని వెనకనుంచి ముందుకి తిప్పి, 25.113.0.203 అని రాసి, దానికి జాబితా పేరు తగిలించి, ఆ పేరుకి అడ్రసు ఉందా అని డీఎన్‌ఎస్‌ని అడుగుతుంది. అలాంటి పేరు లేదు అని జవాబొస్తే జాబితాలో లేనట్టు. 127.0.0.2 లాంటి అడ్రసు వస్తే ఉన్నట్టు. కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కొత్త లైన్ అక్కర్లేదు. ప్రపంచంలో ప్రతి సర్వర్‌కీ అప్పటికే అడగడం వచ్చిన ప్రశ్నలోనే సమాధానం ఇమిడిపోయింది. చివరి అంకె మారితే కారణం మారుతుంది. ఇవాళ ఇలాంటి జాబితాలు నడిపే స్పామ్‌హాస్ అనే సంస్థ జెన్ జాబితాలో 2 వస్తే స్పామ్ మూలమని, 4 వస్తే వైరస్ సోకిన యంత్రమని, 10, 11 వస్తే ఇది నేరుగా మెయిల్ పంపకూడని ఇంటి లైన్ అని. ఆ ఒక్క అంకె చూస్తే నా పని సగం తగ్గుతుంది. చాలామంది దాన్ని చూడకుండా "బ్లాక్‌లిస్ట్‌లో పడ్డాం" అని కంగారుపడి, తీసేయమని దరఖాస్తు పెట్టేస్తారు. కారణం సరిచేయకుండా పెట్టిన దరఖాస్తు వల్ల పేరు పోయినట్టే పోయి మళ్లీ ఎక్కుతుంది. ఇంకోమాట. స్పామ్‌హాస్ పేరు తొలగించడానికి పైసా తీసుకోదు. తొలగించి పెడతామని మధ్యలో డబ్బడిగేవాళ్లకి ఇవ్వకండి.

జాబితాలు పెట్టినవాళ్లలో రకాలున్నారు. న్యూజిలాండ్ నుంచి నడిచిన ఓర్బ్స్, తెరిచి ఉన్న రిలేలని తానే వెతుక్కుంటూ వెళ్లి పరీక్షించేది. అడక్కుండా మా తలుపు ఎందుకు తడుతున్నావని గొడవలై, కోర్టుల దాకా వెళ్లి 2001లో మూతపడింది. ఆ ఏడే వచ్చిన స్ప్యూస్ నడిపేవాళ్లెవరో తెలిసేది కాదు, ఫిర్యాదు చేయడానికి అడ్రసు ఉండేది కాదు. ఒక స్పామర్‌కి చోటిచ్చిన నెట్‌వర్కు కదలకపోతే చుట్టుపక్కల అడ్రసుల్ని కూడా చేర్చేది. అమాయకులకి నొప్పి కలిగితేనే వాళ్లు తమ నెట్‌వర్కు మీద ఒత్తిడి తెస్తారన్నది దాని వాదం. ఆ వాదం పనిచేసే చోటు వేరు. నాలుగు నెట్‌వర్కుల్లోంచి ఒకటి ఎంచుకునే వీలున్న ఊళ్లో కస్టమర్ అలిగి వెళ్లిపోగలడు. వచ్చిందే ఒక్క లీజు లైన్ అయిన గుంటూరులో మిర్చి వ్యాపారి ఎవరి మీద అలుగుతాడు? మా పెద్దాయన "మనమేం పాపం చేశాం?" అని మొదటిసారి అడిగింది ఈ కాలంలోనే. పక్క అడ్రసులో ఎవరో చేసిన పనికి ఆయన మెయిళ్లు ఆగాయి. మాకు లైన్ ఇచ్చిన కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే ఫిర్యాదులు చూసే మనిషి ఎవరో వాళ్లకే తెలియలేదు. పొరుగువాడి తప్పుకి అమాయకుణ్ని శిక్షించే పద్ధతిని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

2003 నాటికి రిలేలు చాలావరకు మూతపడ్డాయి. స్పామర్లు ఇళ్లలోకి వచ్చారు. ఆ ఏడు సోబిగ్ అనే వైరస్ రకరకాల రూపాల్లో వచ్చింది. అది సోకిన యంత్రాలు వాటి యజమానులకి తెలియకుండా ఇతరుల మెయిల్ మోసే సాధనాలయ్యాయి. దానికి జవాబుగా 2004లో స్పామ్‌హాస్ ఎక్స్‌బీఎల్ వచ్చింది, వైరస్ సోకిన అడ్రసుల జాబితా. 2007లో పీబీఎల్ వచ్చింది. ఇది తప్పు చేసినవాళ్ల జాబితా కాదు. ఇళ్లకి, డయలప్‌లకి, బ్రాడ్‌బ్యాండ్‌కి ఇచ్చే అడ్రసుల నుంచి నేరుగా మెయిల్ రానక్కర్లేదన్న ఒక విధానం. నాకు వచ్చే కేసుల్లో ఎక్కువ ఈ రెండింటివే. ఆఫీసుకి ఒక్కటే ఐపీ ఉంటుంది. దాని వెనకే మెయిల్ సర్వరూ ఉంటుంది, గుమాస్తాల కంప్యూటర్లూ ఉంటాయి. ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి వైరస్ తెచ్చుకుంటారు. ఆ యంత్రం 25వ పోర్టు మీద లోకానికంతా ఉత్తరాలు పంపుతుంది. నింద మాత్రం సర్వర్ మీద పడుతుంది. సర్వర్ లాగ్ ఎంత వెతికినా ఏమీ కనబడదు, ఎందుకంటే ఆ మెయిల్ సర్వర్ గుండా వెళ్లలేదు. రౌటర్‌లో చూడాలి. బయటికి వెళ్లే 25వ పోర్టు మెయిల్ సర్వర్‌కి తప్ప ఇంకెవరికీ వదలకూడదు. గుమాస్తాలు 587వ పోర్టు మీద పాస్‌వర్డ్‌తో తమ మెయిల్‌ని సర్వర్‌కి ఇవ్వాలి, అక్కణ్నుంచి సర్వర్ పంపాలి. ఈ 587 ఏర్పాటు 1998 డిసెంబరులోనే రాసి పెట్టారు. వాడకంలోకి రావడానికి మాత్రం మరో దశాబ్దం పట్టింది.

అన్నిసార్లూ తప్పు మన వైపు ఉండదు. 2003 ఆగస్టులో ఒసిరుసాఫ్ట్ అనే జాబితా మీద దాడులు జరిగి, నడపలేక మూసేస్తూ, ప్రపంచంలో ఏ అడ్రసు అడిగినా "ఉంది" అని జవాబిచ్చింది. 2006 డిసెంబరులో మూతపడిన డెన్మార్క్ జాబితా ఓఆర్‌డీబీ, తనని ఇంకా అడుగుతూనే ఉన్న సర్వర్లని వదిలించుకోవడానికి 2008 మార్చిలో అదే పని చేసింది. ఆ రోజు కొందరికి ఒక్క మెయిలూ రాలేదు. పదిమందికి మెయిల్ వెళ్లి ఒక్క కస్టమర్ దగ్గరే తిరిగొస్తుంటే నేను ముందు ఆ కస్టమర్ సర్వర్‌నే అనుమానిస్తాను. తిరిగొచ్చిన మెయిల్లో పేరున్న జాబితా అసలు బతికుందా అని చూస్తాను. ఈమధ్య అలాంటిదే ఇంకోటి కనబడుతోంది. అందరికీ ఉచితంగా దొరికే పెద్ద డీఎన్‌ఎస్ సర్వర్ల ద్వారా అడిగితే స్పామ్‌హాస్ జవాబివ్వదు, 127.255.255.254 అనే సంకేతం ఇస్తుంది. "నువ్వు అడిగే దారి సరైనది కాదు" అని దాని అర్థం. సరిగ్గా అమర్చని సర్వర్లు దాన్ని "ఉంది" అని చదువుకుని మంచి మెయిల్‌ని తిప్పికొడతాయి. అప్పుడు అవతలి ఆఫీసు కుర్రాడికి ఫోన్ చేసి, "బాబూ, తప్పు మీ వైపుంది, ఇదిగో ఇలా మార్చుకోండి" అని ఓపిగ్గా చెప్పడం ఒక్కటే మార్గం.

జాబితాలతో స్పామ్ ఆగదని తేలాక ప్రశ్న మారింది. "నువ్వు చెడ్డవాడివా?" అన్నది పోయి "నువ్వు నువ్వేనని రుజువేంటి?" అన్నది వచ్చింది. మొదటి రుజువు పాతదే, పీటీఆర్ రికార్డు. ఐపీ అంకె నుంచి పేరు తెలియాలి, ఆ పేరు నుంచి మళ్లీ అదే అంకె రావాలి, సర్వర్ "హెలో" అంటూ చెప్పుకునే పేరు కూడా ఆ పేరే అయితే మేలు. ఈ రికార్డు పెట్టే అధికారం మనకుండదు, లైన్ ఇచ్చినవాళ్ల చేతిలో ఉంటుంది. వారాల తరబడి ఫోన్లు చేసి ఇది పెట్టించుకోవడం నా వృత్తిలో విసుగెత్తించే భాగం. ఈమధ్య దీనికో కొత్త రూపం వచ్చింది. ఐపీవీ4కి అన్నీ సక్రమంగా ఉంటాయి. సర్వర్ మనకి తెలియకుండా ఐపీవీ6 మీదుగా వెళ్లి, అక్కడ పీటీఆర్ లేక, జీమెయిల్ దగ్గర తిరస్కారం తింటుంది.

2003లో మెంగ్ వెంగ్ వాంగ్ ముందుకు తెచ్చిన ఎస్‌పీఎఫ్ రెండో రుజువు. ఈ డొమైన్ పేరు మీద మెయిల్ పంపే హక్కు ఈ ఐపీలకే ఉందని డీఎన్‌ఎస్‌లో ప్రకటించుకోవడం. 2006లో ఆర్‌ఎఫ్‌సీ అయింది. యాహూలో మార్క్ డిలేనీ చేసిన డొమైన్‌కీస్, సిస్కో చేసిన ఇంకో పద్ధతి కలిసి 2007లో డీకిమ్ అయ్యాయి. ఇది ఉత్తరం మీద గూఢలిపి సంతకం, దాన్ని సరిచూసే తాళంచెవి డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. ఆ రెండూ కవరు మీదో, సంతకంలోనో ఉన్న డొమైన్‌ని చూస్తాయి తప్ప చదివేవాళ్లకి కనబడే పేరుని చూడవు. 2012 జనవరిలో ప్రకటించిన డీమార్క్ ఆ రెండింటినీ కనబడే పేరుతో ముడిపెట్టింది. 1982లో వదిలేసిన సందు పూడడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

పూడ్చినప్పుడు దెబ్బ తగిలింది కూడా చిన్నవాళ్లకే. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కి, కలవకపోతే తిప్పికొట్టమనే కఠినమైన డీమార్క్ పెట్టింది. మెయిలింగ్ లిస్టులు సభ్యుడి ఉత్తరాన్ని అతని పేరు మీదే అందరికీ పంచుతాయి, పంచే ముందు అడుగున రెండు లైన్లు చేరుస్తాయి. దాంతో ఎస్‌పీఎఫ్ కలవదు, సంతకం చెడుతుంది. లోకం నలుమూలలా స్వచ్ఛందంగా నడిచే లిస్టులు ఒక్కసారిగా తిరిగొచ్చిన మెయిళ్లతో నిండిపోయాయి. నేను చూసే ఆస్పత్రుల్లో తప్పులు ఇంకోరకం. ఎస్‌పీఎఫ్‌లో పదికి మించి డీఎన్‌ఎస్ ప్రశ్నలు పుట్టించకూడదన్న నియమం ఉంది. జీతాల సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక లైన్ చేర్చమంటారు, అపాయింట్‌మెంట్లు చూసేవాళ్లు ఇంకోటి, బిల్లులు పంపేవాళ్లు మరోటి. పదకొండో ప్రశ్న పుట్టిన రోజున రికార్డు మొత్తం చెల్లదు, మెయిళ్లన్నీ అనుమానాస్పదమవుతాయి. అలాగే డీకిమ్ తాళంచెవి 2048 బిట్లదైతే 255 అక్షరాల ముక్కలుగా విడగొట్టి రాయాలి. కొన్ని కంట్రోల్ ప్యానెళ్లు మిగిలినదాన్ని చెప్పకుండా కోసేస్తాయి. పైకి అంతా బాగానే కనబడుతుంది. అందుకే ఎవరైనా "అన్నీ పెట్టాం మేడమ్" అంటే నేను వాళ్ల తెర చూడను, బయటినుంచి డీఎన్‌ఎస్‌ని అడిగి చూస్తాను.

ఇంత జరుగుతుంటే చట్టాలు ఏం చేశాయి? అమెరికా 2003 డిసెంబరులో క్యాన్-స్పామ్ చట్టం చేసింది. మరుసటి నెల దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందన్నారు. తీరలేదు. 2006లో ఒక మెయిల్ మార్కెటింగ్ కంపెనీ తనని జాబితాలో పెట్టినందుకు షికాగో కోర్టులో స్పామ్‌హాస్ మీద 1.17 కోట్ల డాలర్ల తీర్పు తెచ్చుకుంది. అప్పీళ్లు ముగిసి 2011 వచ్చేసరికి అది మూడు డాలర్లకి తగ్గింది. మన దేశంలో 2008 సవరణతో ఐటీ చట్టంలో చేరిన 66-ఏ సెక్షన్‌లో ఒక భాగం, ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకుండా మోసగించే మెయిల్‌ని, చికాకు పెట్టే మెయిల్‌ని నేరమంది. ఆ సెక్షన్‌ని స్పామర్ల మీద కంటే ఫేస్‌బుక్‌లో అభిప్రాయాలు రాసిన మామూలు మనుషుల మీద వాడిన కేసులే దేశమంతా తెలిశాయి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని మొత్తంగా కొట్టేసింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ నారిమన్‌తో పాటు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. మాట్లాడే స్వేచ్ఛకి అది గొప్ప తీర్పు, అలా కొట్టేయడమే న్యాయం. దాంతోపాటు స్పామ్ గురించిన ఆ కొన్ని పదాలూ పోయాయి. మెయిల్ స్పామ్ కోసమే రాసిన చట్టం ఇవాళ్టికీ మనకి లేదు. కాబట్టి ఎవరి మెయిల్ ఆగాలి, ఎవరిది వెళ్లాలి అన్న తీర్పులు ఎక్కడో దూరదేశాల్లో ప్రైవేటు చేతుల్లో ఉన్నాయి.

ఆ చేతుల మధ్య కూడా నాకు తేడా కనబడుతుంది. జాబితా నడిపేవాళ్లు కనీసం పేరు చెప్పి, కారణం చెప్పి ఆపుతారు. 550 వచ్చిందంటే మనకి తెలుస్తుంది, సరిచేసుకుని అడిగే దారి ఉంటుంది. పెద్ద మెయిల్‌బాక్స్ కంపెనీల దగ్గర ఇంకోటి జరుగుతుంది. 250 అని మర్యాదగా తీసుకుంటారు, తీసుకెళ్లి స్పామ్ ఫోల్డర్‌లో పడేస్తారు. పంపినవాళ్లకి తెలియదు, అందుకోవాల్సినవాళ్లు ఆ ఫోల్డర్ తెరవరు. ఒక ఆస్పత్రి నుంచి వెళ్లిన పరీక్ష రిపోర్టు అలా పడి ఉండగా, రోగి బంధువులు "రాలేదమ్మా, మళ్లీ పంపండి" అని తిరగడం నేను చూశాను. తిరస్కరించదలచుకుంటే గుమ్మంలోనే తిరస్కరించి కారణం చెప్పాలి. మెయిల్ వ్యవస్థలో మిగిలిన కనీస న్యాయం అదేనని నా నమ్మకం.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కొత్త నియమాలు పెట్టాయి. జీమెయిల్ అడ్రసులకి రోజుకి 5000 మించి పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, ప్రచార మెయిళ్లకి ఒక్క నొక్కుతో సభ్యత్వం వదులుకునే వీలుండాలి, స్పామ్ అని నొక్కినవాళ్ల శాతం 0.3 దాటకూడదు. అంతకంటే తక్కువ పంపేవాళ్లకైనా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటి, సరైన పీటీఆర్ తప్పవు. అదే ఏడు జూన్‌లో, రెండు దశాబ్దాలు నడిచిన సోర్బ్స్ జాబితా మూతపడింది. మా తరం వాళ్లకి అది పరిచయమైన పేరు, లాగుల్లో వేలసార్లు చదివిన పేరు. మీ సర్వర్ సెట్టింగుల్లో అది ఇంకా ఉంటే తీసేయండి, ఓఆర్‌డీబీ విషయంలో ఏమైందో పైన చెప్పాను.

ఇంత కష్టమెందుకు, అందరూ ఏదో ఒక పెద్ద కంపెనీ మెయిల్ కొనుక్కోవచ్చు కదా అని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు అడుగుతారు. చాలామంది అదే చేస్తున్నారు, వాళ్ల అవసరానికి అదే మంచిది కావచ్చు. కానీ పోస్టెల్ 1982లో రాసిన సంభాషణలో గుంటూరు మిర్చి యార్డు పక్కనున్న సర్వర్‌కీ, కాలిఫోర్నియాలోని సర్వర్‌కీ ఒకటే స్థానం. ఎవరి అనుమతీ లేకుండా ఒకరు ఇంకొకరికి ఉత్తరం ఇవ్వొచ్చు. ఇంత విశాలంగా కట్టిన వ్యవస్థలు ఎక్కువ లేవు. దాన్ని చిన్నవాళ్లు వదిలేస్తే పెద్దవాళ్లు నలుగురూ తమలో తాము మాట్లాడుకునే చోటుగా మిగులుతుంది. అందుకే నేను ఇంకా సర్వర్లు పెడుతున్నాను.

ఆ పెద్దాయన ఇప్పుడు వ్యాపారం కొడుక్కి అప్పజెప్పారు. ఈ వేసవిలో వాళ్లకి కొత్త లైన్ వచ్చింది, కొత్త ఐపీ వచ్చింది. ఐపీ తీసుకునే ముందే దాని పాత చరిత్ర జాబితాల్లో వెతికాం, పీబీఎల్‌లో ఉంటే తీయించాం. పీటీఆర్ పెట్టించాం, ఐపీవీ6కి కూడా. డీకిమ్ తాళంచెవి కొత్తది చేశాం. మొదట్లో రోజుకి కొద్ది మెయిళ్లే పంపమని, అవి కూడా జవాబిచ్చే పాత కొనుగోలుదారులకే పంపమని చెప్పాను. "ఎన్నాళ్లక్కా ఇలా?" అని కొడుకు అడిగాడు. జీమెయిల్ దగ్గర డొమైన్ పేరు నిలదొక్కుకునేదాకా అన్నాను. ధరల పట్టిక ఒకేసారి ఊరందరికీ పంపే ఆలోచన అప్పటిదాకా పక్కన పెట్టాడు.